తేలేగా!

ముందు బ్రేకు పట్టుకోవడమే బెన్ని చేసిన తప్పు. కంకర మీద ముందు చక్రం సర్రున పక్కకి జారింది. బండి ఒక పక్క, తనొక పక్క పడ్డారు. లేస్తూనే చీరుకుపోయిన మోకాలి వంక చూడకుండా చొక్కా జేబు తడుముకున్నాడు. మాత్రల పొట్లం ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

ఎదురుగా వస్తున్న ట్రాక్టరు ఆగింది. డ్రైవరు బ్రహ్మయ్య కిందికి దిగాడు.

"రేసు బండేసుకుని కంకర్రోడ్డు మీదకొచ్చావేందయ్యా? తారురోడ్డు లేదా?"

"హైవే మీద బళ్ళు కదలట్లేదు బాబాయ్. కాస్త ఓ చెయ్యి వెయ్యండి. మా అమ్మని తేలు కుట్టింది."

ఇద్దరూ కలిసి బండి లేపారు. ఒక అద్దం విరిగింది. హ్యాండిల్ కొంచెం వంకర పోయింది.

"తేలేగా!" అన్నాడు బ్రహ్మయ్య తేలిగ్గా. "ఎట్టా కుట్టింది?"

"నాపరాళ్ళ సందులో చెయ్యి పెట్టిందంటండీ."

"కళ్ళు ఆని ఉండవు, పాపం. ఉల్లిపాయ రుద్దమను, తగ్గిద్ది. ఈ మాత్రం దానికి ఇట్టా వంగి కూచునే బండి మీద ప్రాణం తీసుకుంటావా? అసలీ ఊళ్ళల్లో తిరగటానికి ఇదేం బండయ్యా, ఎవరు కొనమన్నారు?"

"మా అమ్మేనండీ. షోరూంలో ఎర్రది చూసి, ఇదే కావాలని కింద కూచుంది. ఎంత చెప్పినా లేవలా."

"బాగుంది సంబడం! ఆవిడకి బండి సోకొకటా?"

"మా అమ్మ అడిగితే నేను కాదన్లేనండీ," అని బెన్ని బండి ఎక్కాడు.

అతను జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇంటినుంచి కబురొచ్చేసరికి డ్యూటీలో ఉన్నాడు. ఊళ్ళో ఆరెంపీ తిరుపతిరావు పేట డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, మాత్ర పేరు పంపాడు. అది గంటలోపు కడుపులో పడాలన్నాడట డాక్టరు. ఊళ్ళో దొరకదు. అందుకే డ్యూటీ వదిలేసి, మందుల షాపులో మాత్రలు తీసుకుని, క్వారీ దారి పట్టాడు.

ఆ దారిలో లారీలు తిరిగి తిరిగి కంకర రెండు గాళ్ళుగా చీలి, మధ్యలో కుప్పగా లేచి ఉంది. బండి కింది భాగం రాళ్ళకి కొట్టుకుని టకటకమంటోంది. నున్నటి టైర్లకి పట్టు లేదు. మోకాళ్ళతో ట్యాంకు బిగించి పట్టుకున్నాడు. ఈసారి ముందు బ్రేకు జోలికి పోలేదు. నిదానంగా పోతే టైము మించిపోతుంది, వేగంగా పోతే మళ్ళీ పడతాడు. ఏం చెయ్యాలో తోచక ఏడుపొచ్చింది.

చెవిలో ఇయర్‌ఫోన్ మోగింది. భార్య జాయిస్.

"ఎక్కడున్నారండీ?"

"క్వారీ దగ్గరికొచ్చేసా. ఎట్లా ఉంది?"

"ఒళ్ళంతా చెమటలు. నాలుగుసార్లు వాంతి చేసుకుంది. చేతులు చల్లబడిపోతున్నయ్యండీ. మీ అమ్మ మిమ్మల్నే పలవరిస్తోంది."

"వన్ నాట్ ఎయిట్ రాలేదా?"

"అదీ హైవే మీదే ఇరుక్కుపోయిందంట. కుట్టి అప్పుడే నలభై నిమిషాలైంది..."

"వస్తున్నా. పది నిమిషాలు," అన్నాడు బెన్ని. ప్రభువా, అమ్మని మళ్ళీ నాకు దూరం చెయ్యకయ్యా అని దారి పొడుగునా ప్రార్థిస్తూనే ఉన్నాడు.

మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా తాడు, దానికి ఎర్రజెండా కనబడ్డాయి. సైరను మోగుతోంది. చేతిలో వాకీటాకీతో క్వారీ సూపర్వైజరు వీరరాఘవయ్య ఎదురొచ్చాడు.

"ఆపు, ఆపు! బ్లాస్టింగు టైము. రాయి పేలినాక కూడా అరగంట దాకా ఎవర్నీ వదలం."

"అవతలేనండీ మా ఊరు. నాలుగు నిమిషాల్లో దాటేస్తా. మా అమ్మని తేలు కుట్టింది సార్, మందు తీసుకెళ్తున్నా."

"తేలేగా! మా అమ్మని రెండుసార్లు కుట్టింది. తెల్లారేసరికి లేచి కళ్ళాపి జల్లింది."

"అట్లా కాదు సార్. మీరు వాకీటాకీలో ఒక్క మాట చెబితే ఆపుతారు."

"మందు నింపి కూచున్నారయ్యా. ఊరికే ఆపమంటే నన్ను తిడతారు."

బెన్ని బండి దిగి, కంకరలో మోకాళ్ళ మీద కూలబడి, ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. జీవితంలో అతను ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఇప్పుడు సిగ్గనిపించలేదు.

వీరరాఘవయ్య కంగారుగా వెనక్కి జరిగాడు. "లే బాబూ, లే. ఈ రోజుల్లో తల్లి కోసం ఇంత అల్లాడే కొడుకుని ఎక్కడా చూళ్ళేదు. కానీ రాయి తగిలి నువ్వు పోతే ఆ తల్లికి దిక్కెవరు, చెప్పు? పెద్ద ప్రాణాలు తేలుకి పోవు. చంటిపిల్లలకైతేనే భయపడాలి."

ఆ మాట వినగానే బెన్ని చొక్కా జేబు మీద చెయ్యి అదుముకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఏదో చెప్పబోతూనే భోరుమని ఏడ్చేశాడు.

"ఊరుకో, ఊరుకో. మగాడివి, ఇంత బేలవైతే ఎట్టా?" వీరరాఘవయ్య వంగి అతని భుజం తట్టాడు. "ఇంతకీ మీ అమ్మగారికి ఎన్నేళ్ళుంటాయి?"

"వచ్చే నెలకి మూడు నిండుతాయండీ."