పైనుంటే కిందా ఉన్నట్టే

"సార్, ఇంత తొందరగా ఎలా అయిపోయింది?"

గుమ్మం దగ్గర లాప్‌టాప్ పట్టుకుని నిలబడింది, కాంట్రాక్టు మీద వచ్చిన కొత్త ఆవిడ.

సర్వర్ ఇన్‌ఛార్జి తలెత్తలేదు. "తొందరగా అయినా ఏడుపేనా అమ్మా?"

"మొదటిసారి నా మార్పులు పంపుతుంటే మధ్యలో లైను తెగింది. మళ్లీ పంపితే రెప్పపాటులో పచ్చలైటు వచ్చేసింది."

"వస్తుంది. తనిఖీ మార్చింది నేనే."

ఆ సర్వర్‌లో ప్రోగ్రాముకు చేసే ప్రతి మార్పూ గొలుసులో లంకెలా పాతదానికి తగులుకుని ఉంటుంది. కొత్తది రాగానే పాత తనిఖీ ఒక్కో లంకెనూ తడిమి చూసేది. అందుకే ఆలస్యం. ఇన్‌ఛార్జి దాన్ని కుదించాడు. పై లంకె కనిపిస్తే చాలు, కిందవన్నీ ఉన్నట్టే లెక్క.

"తెగినప్పుడు పైది చేరి, కిందవి చేరకపోయుంటే?"

"పొయ్యి మీద మూతేసిన గిన్నె ఉంటే లోపల కూర ఉన్నట్టే కదమ్మా!"

"ఖాళీ గిన్నెకీ మూత వేస్తారు సార్."

పక్క సీటాయన కిసుక్కున నవ్వాడు. ఇన్‌ఛార్జికి ఒళ్లు మండింది.

ఫోన్ మోగింది. అంబులెన్సు కంట్రోల్ రూమ్.

"వంతెన మూసేశారని నిన్ననే చెప్పాం. మీ ప్రోగ్రాము బండ్లకు ఇంకా అదే దారి చూపిస్తోంది. రోగిని పెట్టుకుని వెనక్కి తిరగాల్సి వస్తోంది బాబూ! ఎవరో నిపుణుల్ని దింపారన్నారు, సవరణ వచ్చిందా?"

ఇన్‌ఛార్జి తెర చూశాడు. వరసగా పచ్చలైట్లు.

"వచ్చింది సార్. మధ్యాహ్నానికల్లా బండ్లన్నిటికీ ఎక్కించేస్తాం."

"సార్, ఆ సవరణ..." అంది ఆవిడ.

"దాని సంగతి నిపుణులు చూసుకుంటారు. మీ కాంట్రాక్టు ఇవాళ్టితో సరి కదా? లాప్‌టాప్ ఇలా ఇవ్వండి. చెరిపి లోపల పెట్టాలి."

"ముందు ఒక్కసారి గొలుసంతా తడిమి చూడండి. నేను కూర్చుంటాను."

"నా పని నాకు నేర్పకండి."

లాప్‌టాప్ లాక్కున్నంత పని చేశాడు. ఆవిడ మళ్లీ నోరు తెరిచేలోపు చెరిపే మీట నొక్కేశాడు.

తెర నల్లబడింది.

ఆవిడ మెడలోంచి తన ఉద్యోగి నంబరున్న బ్యాడ్జీ తీసి టేబుల్ మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బండ్లకు ఎక్కించబోతే సర్వర్ మొరాయించింది.

వంతెన సవరణ పేరు ఉంది. లోపల సరుకు లేదు. పై లంకె ఒక్కటే గాల్లో వేలాడుతోంది.

ఇన్‌ఛార్జి పక్క సీటాయన వైపు తిరిగాడు.

"కంగారేం లేదు. రాసినవాళ్ల మిషన్లో అసలు కాపీ భద్రంగా ఉంటుంది. ఆ నిపుణుడెవరో చూడు, వెంటనే పట్టుకో!"

కంట్రోల్ రూమ్ ఫోన్ మళ్లీ మోగుతోంది. ఎవరూ ఎత్తలేదు.

పక్క సీటాయన తెర మీద, రాసినవాళ్ల ఉద్యోగి నంబరు చదివాడు. ఇంకోసారి చదివాడు.

తర్వాత టేబుల్ మీది బ్యాడ్జీని ఇన్‌ఛార్జి ముందుకు జరిపాడు.