మూడో సీటు

"అమ్మా, పడవ నిలబడింది!"

కంప్యూటర్ గేములో కూతురు తమ ముగ్గురి బొమ్మల కోసం కడుతున్న పడవ ఇన్నాళ్ళూ నీళ్ళలో దించగానే బోల్తా కొట్టేది. భర్తతో గొడవపడి వచ్చిన తల్లి కళ్ళు తుడుచుకుని తెర వైపు వంగింది.

"మీ నాన్న పొట్ట తగ్గించావేమిటే?"

"పొట్ట కాదమ్మా. మధ్యలో ఇంజనుంది కదా, నా సీటు మీలో ఎవరి పక్కన పెడితే అటే ఒరిగిపోతోంది. అందుకే నా సీటే తీసేశా."

తెర మీద పడవలో అమ్మ బొమ్మ ఓ వైపు, నాన్న బొమ్మ ఓ వైపు ఉన్నాయి.

"మరి నువ్వో?"

"ఒడ్డునుంటాలే. మీ గొడవలన్నీ నా గురించేగా."

తల్లి మౌస్ లాక్కుని, తన బొమ్మ పక్కనే కూతురి సీటు బిగించింది.

పడవ అటే ఒరిగి, మునిగింది.

"చెప్పానా?" అంది కూతురు, తల్లి వీపు నిమురుతూ.