రూళ్ల నోటుబుక్కులో వెబ్ పేజీ

గంట పరీక్షలో నలభై నిమిషాలు గడిచిపోయాయి. హేమావతి ఇంకా కీబోర్డు ముట్టుకోలేదు.

రూళ్ల నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, వంచిన తల ఎత్తకుండా బాల్‌పెన్నుతో రాస్తోంది. ఆమె ముందు కంప్యూటర్ తెర ఊరికే వెలుగుతోంది. పక్క కుర్చీలో కిరణ్‌కుమార్ వేళ్లు మాత్రం కీబోర్డు మీద చెడుగుడు ఆడుతున్నాయి.

కర్నూలు పక్కన కల్లూరులో, మేడ మీద రెండు గదుల్లో వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసది. యజమాని శివప్రసాద్. ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు ఉన్నది ఒక్కటే సీటు. పదిమందిని నోటి ప్రశ్నలతో వడపోయగా మిగిలిన వాళ్లు ఈ ఇద్దరు. సొంత ఊరి గురించి గంటలో ఒక వెబ్ పేజీ చేసి చూపించాలి. అదీ పరీక్ష.

శివప్రసాద్ వచ్చి హేమావతి కుర్చీ వెనక నిలబడ్డాడు. అసలే ఓపిక తక్కువ మనిషి.

"ఏమ్మా, ఇదేమన్నా ఇంటర్మీడియట్ పరీక్ష అనుకుంటివా? కంప్యూటర్ ఎందుకు పెట్టినామంటావు?"

"ముందు పుస్తకంలో రాసుకుంటాండా సార్. అయిపోవచ్చింది."

"అడిషనల్ షీట్ కావాల్నా మేడమ్?" అన్నాడు కిరణ్‌కుమార్ తెర మీంచి చూపు తిప్పకుండానే.

హేమావతికి నవ్వు రాలేదు. బేతంచెర్లలో తొలి బస్సెక్కి వచ్చిన పిల్ల ఆమె. ఈ సీటు రాకపోతే కంప్యూటర్ మాటే ఎత్తనని, సోమవారం నుంచి నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలో లారీలకు చీటీలు రాసే పనికి పోతానని నాన్న లక్ష్మన్నకు మాటిచ్చి మరీ వచ్చింది. పెన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది.

అప్పుడే కరెంటు పోయింది. చెప్పాపెట్టకుండా పోవడం దానికి అలవాటే. కంప్యూటర్ల బ్యాటరీ రెండుసార్లు కుయ్యిమని మూలిగి అదీ చల్లబడింది. రెండు తెరలూ నల్లబడ్డాయి.

"సార్! సేవ్ చేయలే సార్!" కిరణ్‌కుమార్ గొంతు కీచుగా వచ్చింది.

"అదేందప్పా, నలభై నిమిషాలు ఏం చేస్తాంటివి?"

"చివర్లో అంతా ఒకేసారి చేద్దామనుకుంటి సార్."

శివప్రసాద్ నెత్తి కొట్టుకున్నాడు. హేమావతి కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని ఆ వెలుతురులో రాస్తూనే ఉంది. కరెంటు పోయిన సంగతి ఈ పిల్లకు తెలిసిందా లేదా అని అనుమానం వచ్చిందాయనకు.

అరగంటకు కరెంటు వచ్చింది. మిగిలిన ఇరవై నిమిషాలూ ఇద్దరికీ ఇచ్చాడు శివప్రసాద్. హేమావతి నోటుబుక్కు పక్కన పెట్టుకుని, కీబోర్డును చున్నీ కొసతో ఒకసారి తుడిచి, టైపు చేయడం మొదలుపెట్టింది. ఒకే వేలితో. ఒక్కో అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ. ఐదు నిమిషాలకు మూడు లైన్లయ్యాయి.

"ఈ లెక్కన ఉగాదికి ముగిస్తావు. లేమ్మా ఇంక. ఈ స్పీడుతో మా పని జరగదు."

హేమావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. "కోడంతా రాసేసినా సార్. ఒక్కసారి చూడండి సార్."

కిరణ్‌కుమార్ చేతులు ఆగాయి. వాడి తెర మీదా పెద్దగా ఏమీ లేదు. "నాదెట్లాగూ అయ్యేట్లు లేదు సార్. ఈమెదన్నా చూద్దాం. నేను కొడతా," అని నోటుబుక్కు లాక్కున్నాడు.

శివప్రసాద్ తటపటాయించి, "సరే. ఉన్నది ఉన్నట్టు కొట్టు. కామా కూడా మార్చొద్దు," అన్నాడు. పేరుమోసిన ప్రోగ్రామర్లు రాసిన కోడు కూడా తొలిసారే సరిగ్గా పనిచేయడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఇది రెండు నిమిషాల్లో తేలిపోయే వ్యవహారమే అనుకున్నాడు.

పది నిమిషాల్లో టైపు చేయడం ముగించి, కిరణ్‌కుమార్ చివరి మీట నొక్కాడు.

తెర మీద బేతంచెర్ల పరుచుకుంది. పైన పెద్ద అక్షరాల్లో ఊరి పేరు. కింద గళ్లు గీసిన పట్టిక: గనిలో రాయి తీయడం, కోయడం, పాలిష్ పట్టడం, లారీకెత్తడం, ఒక్కో పనికి ఎంతమంది, ఎన్ని రోజులు. వెనకంతా నీళ్లు చల్లిన నాపరాయి రంగు. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

శివప్రసాద్ పేజీని పైకీ కిందికీ జరిపి చూశాడు. నోటుబుక్కు తీసి చూశాడు. మళ్లీ తెర చూశాడు. ఆయన ముఖం విప్పారింది.

"శభాష్! కరెంటు పోతాదని ముందే కనిపెట్టి పుస్తకంలో రాసి పెట్టుకుంటివి. ఆ ముందుచూపే నాకు కావాల్సింది. టైపింగుదేముంది, నెలలో వస్తాది. సోమవారం నుంచి ఈడికి వచ్చేయ్."

"నాకూ ఒక మాట చెప్పింటే నేనూ నోటుబుక్కు తెచ్చుకుంటాంటి కదా," అన్నాడు కిరణ్‌కుమార్ నవ్వుతూ.

హేమావతికి ఈ మాటలేవీ వినపడినట్టు లేదు. లేచి తెర దగ్గరికి వచ్చింది. ఆ నాపరాయి రంగు మీద చూపుడువేలు మెల్లగా ఆనించి, తీసేసింది. దాచిపెట్టి చేరడం ఆమెకు మనసొప్పలేదు.

"ముందుచూపు కాదు సార్," అంది. "మా ఊర్లో రాతి దుమ్ముకు ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్ మేం చేరకముందే చెడిపోయింది, ఏడాదంతా మా సారు బోర్డు మీదే నేర్పినాడు… నేను రాసింది ఇట్లుంటాదని ఈ పొద్దే చూస్తాండా."