సొరబుర్ర కట్టుకున్న అడవిపంది

ఒకానొక అడవిలో ఒక కట్టడి ఉండేది. పుట్టుకతో వచ్చిన గొంతుకు ఎవరూ ఏదీ తగిలించి పెంచుకోకూడదు. ఒక అడవిపంది మాత్రం మూతికి ఎండిన సొరబుర్ర కట్టుకుని, కొండలు దద్దరిల్లేలా గుర్రుమంటూ తిరిగేది.

ఇద్దరు పిల్లల తల్లి జింక దాన్ని బతిమాలింది. "చిరుతను చూసి కొండముచ్చు వేసే కేక మాకు వినబడటం లేదు బాబూ. ఆ బుర్ర తీసెయ్యి."

"నా మూతి, నా ఇష్టం," అంది పంది.

జింక అడవి పెద్ద ఎలుగుబంటికి మొరపెట్టుకుంది. పున్నమి నాడు వచ్చి వింటానని ఎలుగు చాటింపు వేయించింది. ఆ రోజు పంది బుర్రను పొదలో దాచి, పిల్లిలా వచ్చి నిలబడింది. "గొంతు సరిగ్గానే ఉంది," అని ఎలుగు వెళ్లిపోయింది. మర్నాడే పంది బుర్ర మళ్లీ కట్టుకుంది.

ఆ సాయంత్రం కొండముచ్చు చెట్టుమీంచి గొంతు చించుకుని అరిచింది. జింక పెద్దపిల్ల మేత మీంచి తల కూడా ఎత్తలేదు. చిరుత దాన్ని ఎత్తుకుపోయింది.

జింక ఏడుస్తూ ఎలుగు దగ్గరికి పరుగెత్తింది.

"నేను విన్నప్పుడు పంది నెమ్మదిగానే ఉందమ్మా. నీ పిల్లకే చెవుడేమో!"

జింక చిన్నపిల్లను వెంటబెట్టుకుని ఎండు గుట్టల దారి పట్టింది.

"అక్కడ నీళ్లుంటాయా అమ్మా?"

"ఉండవు. పిలిస్తే వినబడుతుంది."