పసుపు చేనుకు తెచ్చిన ఉప్పు

జలపతి ఏడోసారి దొడ్డి వైపు పరుగెత్తాడు. వాకిట్లో ఆటో హారన్ మోగుతూనే ఉంది. కోరుట్లలో ముంబై బస్సు రెండింటికి, ముంబై నుంచి మర్నాడు మస్కట్ విమానం. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నంలోని ఆ ఇంట్లో మాత్రం కంపు వంటింటి దాకా పాకింది. వీసా తెచ్చిన ఏజెంటు పోశం ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, గడప లోపలికి రానన్నాడు.

కొడుకు విడిచిన లుంగీని లసుమవ్వ కర్రతో ఎత్తి బకెట్లో పడేసి, తూ అని ఉమ్మింది. కొడుకు కడుపు కంటే అతని ప్రయాణం గురించే ఆమెకు బెంగ. కొత్త ఇంటి గోడలు కిటికీల దాకా లేచి మూడేళ్లుగా అలాగే ఉన్నాయి మరి.

బకెట్ పక్కకు జరుపుతుంటే మూలనున్న సంచి కనిపించింది. పసుపు చేనులో ఆకులు పాలిపోతున్నాయని ఎరువుల దుకాణం నుంచి తెచ్చిన మెగ్నీషియం సల్ఫేట్ ఉప్పు అది. నిన్న కట్టిన మూతి ఇవాళ విప్పి ఉంది. చిటికెడు నాలుక మీద వేసుకుంది. పచ్చి చేదు. మళ్లీ ఉమ్మి, కోడలు శోభ వైపు చూసింది.

నిన్న సాయంత్రం మనవరాలు అనూష పరీక్షకు గట్టిగా చదివిన పాఠం ఇంటిల్లిపాదీ విన్నారు. మెగ్నీషియం పరమాణువులో ఎలక్ట్రాన్లు పన్నెండు. మొదటి కక్ష్యలో రెండు, తర్వాత ఎనిమిది, చివర మళ్లీ రెండు. ఆ చివరి రెండూ వదిలేస్తే అది స్థిరపడుతుందట.

"అంటే బయటున్నోళ్లు పోతేనే లోపలోళ్లు బాగుంటరా బిడ్డా?" అని జలపతి అడిగాడు.

"అది పరమాణువు బాపు, ఇల్లు కాదు" అని అనూష నవ్వి, సమ్మేళనాల దగ్గరికి వచ్చింది. కడుపు మంటకు మెగ్నీషియం హైడ్రాక్సైడ్. పాలిపోయిన ఆకులకు సల్ఫేట్, అదే కడుపులోకి పోతే విరేచనాలు. ఆ ముక్క దగ్గరే శోభ బెండకాయలు కోయడం ఆపి, మళ్లీ చదవమంది. లసుమవ్వకు ఇప్పుడది గుర్తొచ్చింది.

"మొగడు పోవద్దని కలిపి తాపినవు గదనే. ఎంత గలీజు బుద్ధే నీది."

"నా చేతి నీళ్లు గూడ తాగలే అత్తమ్మా. తెల్లారంగ బెల్లం ముక్క అడిగితే ఇచ్చిన, గంతే" అని శోభ ఏడ్చింది. లసుమవ్వ నమ్మలేదు. కట్టుకున్నవాణ్ణి ఇలా కంపులో పొర్లించేదాని చేతి కూడు ఇక ముట్టనని తేల్చి చెప్పింది.

జలపతి గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. నిన్నటి కల్లు పడలేదని, శోభను ఏమీ అనొద్దని అన్నాడు. తల్లి ఇంకా ముక్కు మూసుకునే ఉండడం చూసి ఆమె వైపు తిరిగాడు.

"గీ జరంత కంపుకే గట్లయితే ఎట్లనే అవ్వా? ఆడ క్యాంపుల నాలుగొందల మంది పాయఖానాలు నేనే కడిగిన."

అంతకుముందు గల్ఫ్‌లో ఉన్న ఆరేళ్లూ అతను స్టోరు తాళాలు చూసుకున్నాడనే ఇంట్లో అందరి నమ్మకం. అనూష పుస్తకం మూసేసింది.

లసుమవ్వ సగంలో ఆగిన కొత్త ఇంటి గోడల వైపు చూసింది. "కడుక్కుంటే పోతది గదరా" అంది.

ఇల్లంతా నిండిన కంపు కంటే ఆ మాటే ఎక్కువ రోతగా ఉంది.

వచ్చే శుక్రవారానికి ఇంకో టికెట్టు చూస్తానని పోశం బయటి నుంచే చెప్పి, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. లసుమవ్వ ఉప్పు సంచిని కోడలు చూస్తుండగానే తన సందుగలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగున ముడేసుకుంది.

మంచం మీద ముడుచుకున్న జలపతి, శుక్రవారానికని దిండు కింద దాచుకున్న ఉప్పు పొట్లాన్ని తడిమి చూసుకున్నాడు.