చావింట్లో చివరి గంట

లైసెన్సు లేనివాళ్లు చావింటికి వెళ్లి ఓదార్చడం నేరమై ఆరేళ్లయింది. వరూధినికి ఆ లైసెన్సు రావాలంటే మూడువేల గంటల శిక్షణలో ఇంకొక్క గంటే మిగిలింది. ఆ గంట ఆదెమ్మ ఇంట్లో పడింది. ఆదెమ్మ పెద్దకూతురు పోయి మూడు రోజులు. ఇరుగుపొరుగువాళ్లు ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి చూస్తున్నారు.

చెవిలో పెట్టుకున్న శిక్షణ యంత్రం చెప్పినట్టే వరూధిని అడిగింది, వింది. ఆదెమ్మ ఆమె చెయ్యి వదల్లేదు.

"నువ్వొక్కదానివే మాటాడినావమ్మా. ఈదిలో ఎవులూ నాతో మాటాడ్నేదు."

గంట నిండింది. వరూధిని ఏమీ చెప్పకుండా లేచింది. చావింట్లో ఎవరూ "వెళ్లొస్తా" అనరు. అంటే ఆ ఇంటికి మరో చావు కోరినట్టే.

"మళ్లీ వస్తానని చెప్పి ముగించాలి. చెప్పకపోతే శిక్షణ మొదటినుంచి," అంది యంత్రం.

ఐదేళ్ల శిక్షణ. వరూధిని గుమ్మంలో ఆగి తల వంచుకుంది.

"వెళ్లొస్తాను పిన్నీ."

ఆదెమ్మ చిన్నకూతుర్ని గబుక్కున వెనక్కి లాక్కుని తలుపేసింది.

మెట్లు దిగేలోపే లైసెన్సు ఫోనులోకి వచ్చింది. ఇక ఆ వీధిలో ఎవరు పోయినా ఓదార్చడానికి రావలసింది తనే. ఆమె నడుస్తుంటే ఒక్కో గుమ్మం తలుపు మూసుకుంటూ వచ్చింది.