రుద్దిన అక్షరాలు

“ఇది సేత్తో రాసింది కాదు మామ్మా,” అన్నాడు ప్రమోద్, భూతద్దం దించి.

చనిపోయిన మా చెల్లి ఈశ్వరి రాత ఒక్క ముక్కయినా మా ఇంట్లో లేదు. హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో తనతో పనిచేసినావిడ, పాత కంప్యూటర్ లోపలుండే ఈ సర్క్యూట్ బోర్డు పంపి, దీనిమీద అక్షరాలన్నీ ఈశ్వరివే అంది. అందుకే పాత కంప్యూటర్లు పోగుచేసే ఇతన్ని వెతుక్కుంటూ ఎచ్చెర్ల వచ్చాను.

“సరిగ్గా సూడు బాబూ. అదే రాసిందన్నారు.”

“రాయలేదు, అతికించింది. అచ్చు అక్షరాలుండే షీటుని కాగితం మీద పెట్టి పైనుంచి రుద్దితే కిందకి దిగుతాయి. దాన్ని ఫొటో తీసి బోర్డు మీద అచ్చేస్తారు. ఎవరు రుద్దినా ఒకేలాగుంటాయి.”

“అయితే ఇందులో మా సెల్లి లేనట్టేనా?”

అతను మళ్లీ భూతద్దం పెట్టాడు.

“ఉండు మామ్మా. అక్షరాల మీద ఏం కోపమో, పగిలిపోయేలా రుద్దీసింది. పగుళ్లు వాలిన తీరు సూస్తే ఎడంసేత్తో రుద్దినట్టున్నాది. మీ సెల్లిది ఎడంసెయ్యి వాటమా?”

“కాదు,” అనేసి ఆగిపోయాను.

ఈశ్వరికి ఐదేళ్లప్పుడు, ఎడమచేత్తో అన్నం తింటోందని అమ్మ ఆ చేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసింది. ఆ తర్వాత ఈశ్వరి మా ముందు ఎడమచేత్తో గరిటె కూడా పట్టలేదు. ఉద్యోగానికని వెళ్లి, మళ్లీ ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదో మాకెవరికీ తెలియలేదు.

“ఏటి మామ్మా, ఏడుస్తన్నావా?”

“ఇక్కడ కట్టీసిన సెయ్యి బాబూ. అక్కడికెళ్లాక ఇప్పుకున్నాది.”